కుర్చీలో కనిపించని లో బీపీ

కోనసీమ నుంచి ఒక కోడలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఆమె మామగారికి 77 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అత్తగారు పోయి మూడేళ్లయింది. భర్త మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో ఉండేది ఆమె, మామగారు, ఇంటర్ చదువుతున్న కొడుకు. మామగారికి 20 ఏళ్లుగా బీపీ, 12 ఏళ్లుగా షుగర్ ఉన్నాయి. ఈ నాలుగు నెలల్లో ఆయన మూడుసార్లు పడిపోయారు. మొదటిసారి తెల్లవారుజామున నాలుగింటికి, బాత్రూముకు వెళ్లి వస్తూ గుమ్మంలో. రెండోసారి మధ్యాహ్నం భోజనం ముగించి చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు. మూడోసారి ఏకాదశి ఉపవాసం నాడు తులసికోట దగ్గర. ఆ రోజు కణత మీద నాలుగు కుట్లు పడ్డాయి. "పడిపోయానని ఒప్పుకోరు. కాలు జారిందంటారు. జారడానికి అక్కడ తడి కూడా లేదు" అని రాశారు.

ఆస్పత్రికి వెళ్లినప్పుడల్లా కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే బీపీ 136/78 దగ్గరే ఉంటోంది. కుర్రవాడి బీపీలా ఉందని డాక్టరుగారు మెచ్చుకుని పంపేస్తున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ మాత్రం పడిన వెంటనే వచ్చి చూసి 90/60 ఉందని, ఇది లో బీపీ అని సెలైన్ ఎక్కిస్తున్నారు. ఎక్కించిన రోజు మామగారు హుషారుగానే ఉంటున్నారు. డాలస్‌లో ఉన్న బావగారు వీడియో కాల్‌లో బీపీ మాత్రలన్నీ వెంటనే ఆపేయమంటున్నారు. విజయవాడ ఆడపడుచు "ఉప్పు లేకుండా వండిపెడుతున్నావు, నీరసం రాక ఏమవుతుంది" అని ఒక ఆవకాయ జాడీ పంపించారు.

రోజూ వేసుకునే మాత్రల పట్టీ కూడా రాశారు. ఉదయం బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర ఒకటి, ఆమ్లోడిపిన్ ఒకటి. రెండు పూటలా షుగర్‌కు మెట్‌ఫార్మిన్. రాత్రి ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్, అరికాళ్ల మంటలకు అమిట్రిప్టిలిన్. ఉత్తరం చివరి మాటలు ఇవి: "మాత్రలు ఆపాక పక్షవాతం వస్తే నేనే ఆపానంటారు. ఆపకుండా ఉండి ఆయన పడి తుంటి విరిగితే నేనే చూసుకోలేదంటారు. ఏం చేసినా మాట పడేది నేనే. నన్నేం చేయమంటారు?"

అమ్మా,

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. డాక్టరుగారు చూసిన 136 నిజమే, ఆర్‌ఎంపీ చూసిన 90 కూడా నిజమే అయి ఉండవచ్చు. ఇద్దరూ ఒకే మనిషిని రెండు వేర్వేరు క్షణాల్లో చూశారు. మీ మామయ్యగారు పడిపోయేది మూడో క్షణంలో, లేచి నిలబడిన మొదటి రెండు మూడు నిమిషాల్లో. ఆ క్షణంలో ఆయన బీపీ ఎంతో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మాత్రలు ఆపాలా, ఉప్పు పెంచాలా అని ఇంటిల్లిపాదీ వాదించుకుంటున్నారు గానీ, అసలు లెక్క ఇంకా ఎవరూ వేయలేదు.

మనం లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం పొట్టలోకి, కాళ్లలోకి దిగిపోతుంది. మెడ దగ్గరి రక్తనాళాల్లో, గుండె నుంచి బయలుదేరే పెద్ద నాళంలో ఒత్తిడిని కనిపెట్టి చూసే కావలివాళ్లున్నారు. వాళ్లు కబురు పెట్టగానే కాళ్ల రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె కాస్త వేగం పెంచుతుంది. ఇదంతా క్షణాల్లో జరిగిపోతుంది కనుక మనకు తెలియదు. వయసు మీరిన కొద్దీ ఈ కావలివాళ్లకు కునుకు పడుతుంది. షుగర్ ఎక్కువ కాలం ఉంటే కబురు మోసే నరాలు కూడా దెబ్బతింటాయి. మీరు అరికాళ్ల మంటల గురించి ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు ఆ వాక్యమే ముఖ్యంగా అనిపించింది. అరికాళ్ల నరాలను దెబ్బతీసిన షుగర్, రక్తనాళాలను బిగించే నరాల జోలికీ వచ్చి ఉండవచ్చు. అంటే ఆయన మంటలకూ, తూలిపోవడానికీ వేరు ఒకటే కావచ్చు.

పడుకున్నప్పటి బీపీతో పోలిస్తే, నిలబడిన మూడు నిమిషాల్లోపు పై నంబరు 20 గానీ, కింది నంబరు 10 గానీ పడితే దాన్ని నిలబడితే పడే బీపీగా లెక్కిస్తారు. పడుకున్నప్పుడు 160 ఉండి, నిలబడగానే 125కు దిగిన మనిషికి కూడా కళ్లు బైర్లు కమ్మవచ్చు. 125 కాగితం మీద చూడముచ్చటగా ఉంటుంది. అందుకే కుర్చీలో ఇది దొరకదు.

ఈ లెక్క మీరు ఇంట్లోనే వేయవచ్చు. దండచేతికి కట్టే మిషన్ కొనండి. మణికట్టుకు కట్టేవి పెద్దవాళ్లలో అంతగా నమ్మదగినవి కావు. ఉదయం మాత్రలు వేసుకోకముందు, మంచం మీదే పట్టీ కట్టి, ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోనివ్వండి. ఆ ఐదు నిమిషాలూ ఫోను మోగకూడదు, ఎవరూ పలకరించకూడదు. బీపీ, నాడి రెండూ రాసుకోండి. తర్వాత పట్టీ విప్పకుండానే లేపి నిలబెట్టండి. మీ అబ్బాయి పక్కనే చెయ్యి వేసి నిలబడాలి, వెనక మంచం ఉండాలి. నిలబడిన ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి చూడండి. చూసేటప్పుడు చెయ్యి కిందికి వేలాడకూడదు. గుండె ఎత్తులో, ఎవరైనా పట్టుకుని గానీ, బీరువా అరమీద ఆనించి గానీ ఉండాలి. మధ్యలో ఆయన కళ్లు తిరుగుతున్నాయంటే మిషన్ సంగతి మరిచి కూర్చోబెట్టేయండి. ఇదే పని మధ్యాహ్నం భోజనమయిన గంటకు, రాత్రి పడుకోబోయే ముందు కూడా చేయండి. ఒక వారం చాలు.

నాడి ఎందుకంటే, అది ఒక ఆనవాలు ఇస్తుంది. బీపీ బాగా పడినప్పుడు నాడి 75 నుంచి 100కు ఎగిరితే, ఒంట్లో నీరు తగ్గిందనో, రక్తం తగ్గిందనో అనుమానించాలి. బీపీ అంత పడినా నాడి 75 నుంచి 79కే కదిలితే, నరాలే సరిగా పలకడం లేదని డాక్టరుకు అర్థమవుతుంది. ఈ రెంటికీ వైద్యం ఒకటి కాదు.

ఈ కొలిచే పని మీరు నెత్తిన వేసుకోకండి. ఆయన లెక్కల మాస్టారు. ఒక రూళ్ల నోటుబుక్కు, పెన్సిలు ఇచ్చి గళ్లు గీయమనండి: తేదీ, వేళ, పడుకున్నప్పుడు, ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు, నాడి, ఎలా అనిపించింది. కాలు జారిందని బుకాయించే మనిషి, తన చేత్తో 158 పక్కన 118 రాసుకున్నాక అలా అనలేరు. కోడలు పరీక్షిస్తోందంటే చిన్నతనంగా ఉంటుంది గానీ, తానే పరీక్ష పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. మిషన్ బటన్ నొక్కే పని మనవడికి అప్పగించండి.

ఇక మాత్రలు. మీ ఇంట్లో గొడవంతా బీపీ మాత్రల చుట్టూ తిరుగుతోంది. పట్టీ చదివితే నా చూపు మొదట ఆగింది మాత్రం రాత్రి వేసుకునే రెండింటి దగ్గర.

అమిట్రిప్టిలిన్ నరాల మంటలకు బాగా పనిచేసే పాత మందు. కాకపోతే పెద్దవాళ్లలో నిలబడినప్పుడు బీపీని పడేసే మందుల్లో ముందు వరుసలో ఉంటుంది. నోరు ఆరిపోవడం, మలబద్ధకం, మగతతో పాటు మూత్రం బిగబట్టినట్టు చేయడం కూడా దానికి అలవాటే. ఇక టామ్సులోసిన్ ఇచ్చేది మూత్రం దారిని వదులు చేయడానికి. ఒకే రాత్రి ఒక మాత్ర తలుపు తీస్తుంటే ఇంకొకటి మూస్తోంది. ఇద్దరు వేర్వేరు డాక్టర్లు రాసి ఉంటారు, ఒకరి చీటీ మరొకరు చూసి ఉండరు. ఇది మన ఇళ్లలో మామూలే. టామ్సులోసిన్ ఆ జాతి మందుల్లో కాస్త నెమ్మదైనదే అయినా, రక్తనాళాలనూ కొంత వదులు చేస్తుంది. ఖాళీ కడుపున పడితే ఒక్కసారిగా ఎక్కువ ఒంట్లోకి చేరుతుంది. అందుకే భోజనం తర్వాత వేసుకోమంటారు. ఏకాదశి నాడు ఆయన దాన్ని ఎప్పుడు, దేనితో వేసుకున్నారో ఒకసారి అడిగి చూడండి.

అయితే వీటిని ఇవాళ రాత్రే మానిపించేయవద్దు. టామ్సులోసిన్ ఆపితే మూత్రం పూర్తిగా ఆగిపోయి, అర్ధరాత్రి గొట్టం వేయించుకోవడానికి పరుగెత్తవలసి రావచ్చు. అమిట్రిప్టిలిన్ ఉన్నట్టుండి మానేస్తే నిద్ర చెడుతుంది, మంటలు తిరగబెడతాయి. అరికాళ్లు మండి నిద్రపట్టని పెద్దమనిషి రాత్రంతా లేచి తిరుగుతారు, మనకు కావలసింది అది కాదు. డాక్టరు దాన్ని మెల్లగా తగ్గించి వేరే మందుకు మార్చవచ్చు. ప్రెగాబాలిన్ లాంటిది ఇస్తే మూత్రం బిగబట్టే ఇబ్బంది తప్పుతుంది గానీ, దానితోనూ కొందరికి మొదట్లో మత్తు, తూలు వస్తాయి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి చూడాలి. ఏ దారిలోనూ కొంత నష్టం లేకుండా పోదు. ఎంత నష్టమో తెలిసి ఎంచుకోవడమే మన చేతిలో ఉంది.

ఉదయం మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటికి పంపే మందు. కోనసీమ ఎండాకాలంలో, ఉక్కకు చొక్కా తడిసిపోయే రోజుల్లో, అందులోనూ పచ్చి మంచినీళ్లు ముట్టని ఏకాదశి నాడు, ఆ మాత్ర వేసుకుని తులసికోట దగ్గర నిలబడితే ఏమవుతుందో మూడోసారి పడినప్పుడు మీరు చూశారు. పెద్దవాళ్లలో ఇది రక్తంలో సోడియంను కూడా తగ్గించగలదు. సోడియం పడిపోయినా మనిషి నీరసించి తూలుతాడు. మీ డాక్టరు దీన్ని తీసేసి టెల్మిసార్టాన్ ఒక్కటే ఉంచవచ్చు, లేదా మోతాదు తగ్గించవచ్చు. అప్పుడు బీపీ కొంత పెరుగుతుందేమో రెండు మూడు వారాలు నోటుబుక్కులో చూసుకోవాలి. పాదాలకు నీరు పడుతోందా అన్నదీ గమనించాలి.

బావగారి సలహా అన్నీ ఆపేయమని. ఆయన ఆదుర్దా నాకు అర్థమవుతోంది. నాన్న కణత మీది కుట్లు ఫోను తెరమీద చూసిన కొడుకు మరేమంటాడు? కానీ ఆమ్లోడిపిన్ ఒంట్లో చాలా నెమ్మదిగా కరిగే మందు. ఆపాక కొన్ని రోజులు దాని పని సాగుతూనే ఉంటుంది. చూశారా, ఏమీ కాలేదు అని అందరూ సంబరపడతారు. బీపీ పైకెక్కేది ఆ తర్వాత. పైగా అదుపులో లేని బీపీ ఏళ్ల తరబడి రక్తనాళాలను గట్టిపరచి, ఇందాక చెప్పిన కావలివాళ్లను మరింత మొద్దుబారుస్తుంది. అంటే హై బీపీని గాలికొదిలేస్తే లో బీపీ నయమవుతుందన్న నమ్మకం లేదు, తిరగబడవచ్చు కూడా. పక్షవాతం ప్రమాదం ఎలాగూ ఉంది. అందుకని అన్నీ ఆపడం నేను సమర్థించను. ఏది తగ్గించాలి, ఏది మార్చాలి అన్నది ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి. ఒకేసారి మూడు మార్చితే దేనివల్ల మేలు జరిగిందో ఎవరికీ తెలియదు.

సెలైన్ గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. అర లీటరు సెలైన్ సీసాలో ఉండేవి నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. ఒక మనిషి రోజంతా తినే ఉప్పు ఐదు గ్రాములు దాటకపోతే మంచిదంటారు. దాదాపు అంత ఉప్పును గంటలో నరంలోకి పంపితే ఆ పూట హుషారు రాకుండా ఎలా ఉంటుంది? నీరు తగ్గి పడిపోయిన రోజున అది పనికొస్తుంది. ఒకటి రెండు రోజుల్లో అది మూత్రంలో పోతుంది, కారణం అలాగే ఉంటుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకైతే అదే సీసా ఆయాసం తెచ్చిపెట్టవచ్చు. నోటితో తాగగలిగిన మనిషికి పల్చని మజ్జిగో, ఓఆర్‌ఎస్ నీళ్లో చాలు. ఆర్‌ఎంపీతో తగాదా పెట్టుకోనక్కరలేదు. రాత్రి పూట పిలిస్తే పలికేది ఆయనే. ఈసారి వచ్చినప్పుడు సీసా పెట్టేముందు పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూసి నోటుబుక్కులో రాయమనండి.

ఆయన పడిన మూడు వేళలు మీరు ఉత్తరంలో గుర్తుగా రాయడం మంచి పని. మూడింటికీ మూడు కారణాలున్నాయి.

తెల్లవారుజాము సంగతి ఇది. ఇలాంటి వాళ్లలో చాలామందికి రాత్రి వెల్లకిలా పడుకున్నప్పుడు బీపీ పెరుగుతుంది. పెరిగితే మూత్రపిండాలు ఎక్కువ మూత్రం పోస్తాయి. అందుకే రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తారు. తెల్లవారేసరికి ఒంట్లో నీరు తగ్గి, రోజు మొత్తంలో నిలబడడానికి అంత అననుకూలమైన వేళ అదే అవుతుంది. దీనికి ఒక చవకైన ఉపాయం మంచం తలవైపు ఎత్తడం. తలవైపు కోళ్ల కింద ఐదారు అంగుళాల చెక్క దిమ్మెలు పెట్టించండి. కోడు జారకుండా మధ్యలో గుంట తీయమని వడ్రంగికి చెప్పండి. ఇటుకలైతే జారే ప్రమాదం ఉంది. తలగడలు రెండు పెట్టి సరిపెట్టవద్దు, వాటితో మెడ వంగుతుందే గానీ ఒళ్లు ఏటవాలు కాదు. మొదటి నాలుగు రోజులు కిందికి జారిపోతున్నానని సణుగుతారు. తర్వాత అలవాటవుతుంది.

మంచం పక్కన ఒక చెంబుతో నీళ్లు, చిన్న దీపం ఉంచండి. మెలకువ రాగానే లేవకూడదు. పడుకునే పాదాలను పైకీ కిందికీ ఓ ఇరవైసార్లు ఆడించాలి. కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని, ఒక గ్లాసు నీళ్లు నింపాదిగా తాగాలి. మంచం పట్టుకుని నిలబడి, ముప్పై అంకెలు లెక్కపెట్టి, అప్పుడు అడుగు వేయాలి. రాత్రి లేవడం తప్పించాలంటే మంచం పక్కనే మూత్రం పోసుకునే ప్లాస్టిక్ సీసా పెట్టవచ్చు. మందుల షాపుల్లో దొరుకుతుంది. మీరు పెడితే ఆయన సిగ్గుపడతారు. మీవారిని మస్కట్ నుంచి ఫోనులో చెప్పమనండి, పొద్దున్నే దాన్ని తీసే పని మీ అబ్బాయి చేయాలి. బాత్రూములోకే వెళ్తానంటే కూర్చునే మూత్రం పోయమనండి. నిలబడి ముక్కితే బీపీ ఇంకా పడుతుంది. లోపలి గడియ మాత్రం తీయించేయండి. గడియ వేసుకుని లోపల పడితే తలుపు బద్దలుకొట్టాల్సి వస్తుంది. మరుగు కావాలంటే బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించండి.

మధ్యాహ్నం భోజనం తర్వాత పడడం ఇంకో రకం. తిన్నది అరిగించడానికి రక్తం పేగుల వైపు మళ్లుతుంది. నరాలు బలంగా ఉంటే ఒళ్లు సర్దుకుంటుంది, లేకపోతే తిన్న రెండు గంటల్లోపు బీపీ జారుతుంది. పళ్లెం నిండా అన్నం, పప్పు, పులుసు, పెరుగు, ఆపైన ఓ మామిడిపండు అయితే మరీ జారుతుంది. అన్నం ఎంత ఎక్కువైతే అంత. భోజనానికి ముందు ఒక పెద్ద గ్లాసు నీళ్లు తాగించండి. ఒకేసారి పెట్టే అన్నాన్ని రెండు విడతలు చేయండి, సగం పన్నెండింటికి, సగం మూడింటికి. పప్పు, కూర, గుడ్డు తింటారంటే గుడ్డు ఎక్కువ, అన్నం తక్కువ. వేడి అన్నం కాస్త చల్లార్చి పెట్టండి. చెయ్యి కడుక్కోవడానికి లేవనివ్వకండి. మన పాత ఇళ్లలో పెద్దవాళ్లకు పీట దగ్గరికే చెంబు, పళ్లెం తెచ్చి చెయ్యి కడిగించేవారు. అది మళ్లీ మొదలుపెట్టండి. మర్యాద అనుకుంటారే గానీ వైద్యమని ఆయనకు అనిపించదు.

ఏకాదశి మానమని నేను చెప్పను. 77 ఏళ్ల మనిషికి, భార్య పోయాక, నెలకు రెండు రోజులు తనవంటూ మిగిలినవి అవే కావచ్చు. కానీ నిర్జలం వద్దు. పాలు, పళ్లు, కొబ్బరినీళ్లు తీసుకునే ఉపవాసం కూడా ఉపవాసమే, మీ పురోహితులను అడిగినా కాదనరు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, టెల్మిసార్టాన్ కూడా రక్తంలో పొటాషియంను పెంచగలదు కనుక అది వేసుకునేవాళ్లు ఒక్క బోండాంతో ఆపాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తేలితే అదీ వద్దు. ఆ రోజు ఉదయం మాత్ర వేసుకోవాలా, మానాలా అన్నది డాక్టరును ముందే అడిగి నోటుబుక్కు అట్ట మీద రాసిపెట్టుకోండి.

ఇంతా చేసినా ఎప్పుడో ఒకప్పుడు కళ్లు మసకబారతాయి. అప్పుడు ఏం చేయాలో ముందే సాధన చేయించండి. ఉన్నచోటే కూర్చోవడం అన్నిటికన్నా మంచిది, గుడిలో అయినా, నడిబజారులో అయినా. కూర్చునే వీలు లేకపోతే కాళ్లు ఒకదానికొకటి మెలివేసి తొడలు, పిరుదులు గట్టిగా బిగించి, పిడికిళ్లు బిగించాలి. కింద చేరిన రక్తం కొంత పైకి వస్తుంది. పొట్టకు కట్టే బెల్టు కూడా పనిచేస్తుంది. బాలింతకు నడికట్టు కట్టేవాళ్లం చూశారూ, కట్టేది అలాగే, పని వేరు. పొట్టలో రక్తం గుమికూడకుండా ఆపడానికి. మంచం దిగేముందు కట్టుకోవాలి, పడుకునేటప్పుడు తీసేయాలి. మోకాళ్ల దాకా వేసుకునే బిగుతు మేజోళ్ల కంటే ఇదే నయం. ఆ మేజోళ్లు ఎక్కించడానికే ఇంకో మనిషి కావాలి.

ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లండి. చీటీలు మాత్రమే సరిపోవు. ప్రోస్టేట్ డాక్టరువి, షుగర్ డాక్టరువి, షాపులో అడిగి కొన్నవి, ఆయుర్వేదం లేహ్యంతో సహా మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకువెళ్లండి. నోటుబుక్కు బల్ల మీద తెరిచి పెట్టండి. రక్తహీనత, సోడియం, పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడమనండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి బి12 విటమిన్ తగ్గుతుంది, ఆ లోపం కూడా నరాలను దెబ్బతీస్తుంది, అది కూడా చూడమనండి. ఒక ఈసీజీ అవసరం. మందులు మార్చి, మంచం ఎత్తి, నీళ్లు తాగించినా కుదరకపోతే బీపీని నిలబెట్టే మాత్రలున్నాయి. మిడోడ్రిన్ రక్తనాళాలను బిగిస్తుంది, ఫ్లూడ్రోకార్టిసోన్ ఒంట్లో ఉప్పును నిలుపుతుంది. రెండూ పడుకున్నప్పటి బీపీని పెంచుతాయి. మిడోడ్రిన్ చివరి మోతాదు పడుకోవడానికి నాలుగు గంటల ముందే అయిపోవాలి. మూత్రం ఆగిపోయే ఇబ్బంది ఉన్నవాళ్లకు అది పడదు కూడా. మీ మామయ్యగారి ప్రోస్టేట్ దృష్ట్యా అది చివరి మెట్టు.

మాట పడడం గురించి. మీరు ఇంతవరకూ ఒక్కరే మధ్యలో నిలబడి అందరి సలహాలూ వింటున్నారు. ఆ చోటు నుంచి పక్కకు తప్పుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, డాక్టరు దగ్గర ఉన్నప్పుడే బావగారిని ఫోనులో కలపడం. ఆయన అడగదలచినవన్నీ డాక్టరునే అడుగుతారు, జవాబు కూడా అక్కడే వింటారు. డాలస్‌లో అర్ధరాత్రి అయినా నిద్ర మానుకుని కూర్చోమనండి, ఒక్క రాత్రే కదా. దీనివల్ల డాక్టరు కొంచెం విసుక్కోవచ్చు, ముందే చెప్పి ఒప్పించుకోండి. రెండోది, డాక్టరు రాసిన మార్పులను, నోటుబుక్కు పేజీని ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, మీ మాట ఒక్కటీ కలపకుండా. ఇది తేలిక గానీ, ఆ ఫొటో కింద ముప్పై సందేశాలు వస్తాయి. చదవాల్సిన పని లేదు. రెంటిలో మీ ఇంటికి ఏది పొసగుతుందో మీకే తెలుసు. ఏ దారైనా సరే, ఎవరు ఫోనులో చెప్పినా మీ చేత్తో మాత్ర ఆపకండి, కొత్తది మొదలుపెట్టకండి.

ఒక్క విషయంలో మాత్రం వారం ఆగవద్దు. స్పృహ పూర్తిగా తప్పినా, ఛాతీలో నొప్పి గానీ ఆయాసం గానీ వచ్చినా, మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మలం నల్లగా తారులా అయినా నోటుబుక్కు పక్కన పడేసి 108కి ఫోను చేయండి. తల నేలకు తగిలితే, ముఖ్యంగా ఆయన రక్తం పల్చబడే మాత్రలేవైనా వేసుకుంటుంటే, బాగానే ఉన్నానన్నా నమ్మకండి. ఆ పట్టీలో అలాంటిది లేదు గానీ, గుండెకు మంచిదని చాలామంది ఆస్పిరిన్ తమకు తామే వేసుకుంటుంటారు. ఒకసారి దిండు కింద చూడండి.

ఉప్పు మిగిలింది. నిలబడితే బీపీ పడేవాళ్లకు ఉప్పు పెంచమని డాక్టర్లు చెప్పడం ఉంది, ఆడపడుచుగారు గాలిలో మాట అనలేదు. కానీ అది పడుకున్న బీపీ మామూలుగా ఉండి, గుండె, మూత్రపిండాలు బాగున్నవాళ్లకు. ఆయన పడుకున్న బీపీ ఎంతో ఇంకా మనకు తెలియదు, ఇరవై ఏళ్లుగా హై బీపీ ఉన్న మనిషికి అది ఎక్కువే ఉండవచ్చు. అందుకని జాడీ తిప్పి పంపకండి, అటక ఎక్కించకండి. నోటుబుక్కు వారం నిండి, డాక్టరు ఏదో ఒకటి తేల్చేదాకా మామయ్యగారికి పెరుగన్నంలో నంజుకోవడానికి ఒక చిన్న ముక్క చాలు. మిగతాది మీరూ మీ అబ్బాయీ తినండి. బాగుందని ఆడపడుచుకు ఫోను చేసి చెప్పండి.